వానకి వెరవని కెమెరా

ఆమెకి వానక్క అని పేరు పెట్టింది ఫుట్‌బాల్ ఆడే పిల్లలు. ఆకాశం ఒక్కసారి ఉరిమితే చాలు, మైదానం చుట్టూ ఉన్న ఫోటోగ్రాఫర్లంతా సంచుల జిప్పులు బర్రున లాగి మెట్ల కిందికి పరిగెత్తేవాళ్ళు. ఈవిడ మాత్రం అప్పుడే పని మొదలైనట్టు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, గోల్‌పోస్టు వెనక బురదలో చతికిలబడేది. బురద కొట్టుకున్న మొహాలు, బంతి తగిలి చెదిరిన నీళ్ళు, జారిపడుతూ కూడా కాలు విసిరే కుర్రాళ్ళు, అవన్నీ ఆవిడ సొత్తు. "ఎండలో ఎవడైనా తీస్తాడు ఫోటో" అనేది. గొప్పగానే అనేది గానీ, ఎండలో పనులు ఆవిడకి ఎవరూ ఇచ్చేవాళ్ళు కాదన్నది కూడా నిజమే. పెళ్ళిళ్ళ పనుల్ని ఇస్త్రీ చొక్కాలేసుకుని తియ్యగా మాట్లాడేవాళ్ళు తన్నుకుపోయేవాళ్ళు. తియ్యగా మాట్లాడటం ఈవిడ ఒంట్లో లేదు. పెళ్ళికూతురితో "కాస్త మామూలుగా నవ్వు తల్లీ, పళ్ళ డాక్టరు దగ్గరికి రాలేదు" అనగలిగిన మనిషిని పెళ్ళికి రెండోసారి ఎవరు పిలుస్తారు?

అందుకని మిగిలినవన్నీ ఆవిడ వాటాకి వచ్చాయి. వానలో మ్యాచిలు, కూలిన ప్రహరీలు, మురుగు పొంగిన వీధులు, కట్టుబడి పనులు. నది మీద కొత్త వంతెన లేస్తుంటే, ఏ స్తంభం ఎంత లేచిందో నెలనెలా ఫోటోలు తీసి కాంట్రాక్టరుకి ఇచ్చే పని కూడా ఆవిడదే. ఆ వంతెన పూర్తయితే నది దాటించే లాంచీ ఆగిపోతుంది. ఆ లాంచీ నడిపే సరంగు ఆవిడ కన్నతండ్రి. "నాన్న పొట్ట కొట్టే వంతెనకి కూతురు ఫోటోలు తీస్తోందయ్యో" అని రేవులో టికెట్లమ్మే ఆయన వేళాకోళం చేస్తే, సరంగు నవ్వేసి, "బాగా తీయమను. ఏ స్తంభం వంకరగా ఉందో ముందే తెలుస్తుంది" అనేవాడు.

ఇక ఆవిడ భర్త. బజారు వీధిలో, చెప్పుల దుకాణానికీ మందుల దుకాణానికీ మధ్య ఇరుక్కున్న చిన్న గదిలో అతని కెమెరాల రిపేరు కొట్టు. ఆవిడ అతన్ని బావా అని పిలిచేది. అది విని విని కొట్టుకొచ్చేవాళ్ళంతా అతన్ని రిపేరు బావ అనడం మొదలెట్టారు. నెమ్మదస్తుడు. ఏ కెమెరా తెచ్చినా "కాదు, నావల్ల కాదు" అన్న మాట అతని నోట ఎవరూ వినలేదు. అది అతని పేరు, అతని అన్నం, అతని గర్వం. ఆ ఒక్క మాట నేర్చుకుని ఉంటే ఈ కథే లేదు.

వానక్క ఆ కెమెరా కొనుక్కున్న రోజున ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. దాని బొత్తాల చుట్టూ, మూతల అంచున, పై పలక అతుకుల్లో సన్నటి రబ్బరు పట్టీలు ఉంటాయి. వాన జల్లూ దుమ్మూ లోపలికి పోకుండా ఆపుతాయి. అమ్మేవాళ్ళు దాన్ని వెదర్ సీలింగ్ అంటారు. అది ఉన్న కెమెరాకీ లేని కెమెరాకీ ధరలో చాలా తేడా.

"నాలుగు రబ్బరు ముక్కలకి ఇంత పోస్తావా? పాలిథిన్ కవరు తొడుక్కో. అదే పని చేస్తుంది" అన్నాడు రిపేరు బావ.

"కవరు తొడిగితే బొత్తాలు కనపడవు బావా. గోలు పడేటప్పుడు కవరు సర్దుకుంటూ కూర్చోనా?"

"అయితే గొడుగు పట్టే మనిషిని పెట్టుకో."

"నువ్వొస్తావా?"

"నాకు జలుబు చేస్తుంది" అన్నాడు అతను, అప్పుడే తుమ్ముతున్నట్టు మొహం పెట్టి.

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆవిడ కొనేసింది. ఆ తర్వాత కొట్టులో అదొక రోజువారీ తమాషా అయిపోయింది. కొత్తగా కెమెరా కొనాలనుకునేవాళ్ళు వచ్చి, "సీలింగ్ ఉన్నది తీసుకోమంటారా, లేకపోతే దండగా?" అని అడిగితే, బల్ల వెనకనుంచి అతను "దండగ" అనేవాడు, ముందునుంచి ఈవిడ "తీసుకోండి" అనేది. "నీళ్ళలో ముంచడానికి కాదండీ అది. ముంచితే ఏదైనా చస్తుంది. లెన్సుకి కూడా సీలింగ్ ఉండాలి, లేకపోతే తలుపులేసి కిటికీ తెరిచినట్టే. కానీ వానలో నిలబడ్డప్పుడు కెమెరా ఏమైపోతుందో అన్న దిగులు ఉండదు. ఆ దిగులు లేకపోతేనే ఫోటో మీద మనసు నిలుస్తుంది. దానికే ఆ డబ్బు" అని ఉపన్యాసమిచ్చి, మంచినీళ్ళ గ్లాసు తీసుకుని కెమెరా మీద గుప్పెడు నీళ్ళు చల్లి, తుడిచి, ఒక ఫోటో తీసి చూపించేది. వచ్చినవాళ్ళు నోరెళ్ళబెట్టేవాళ్ళు.

కొన్న ఏడాదికి మైదానంలో ఇసుక పడి కెమెరా పైనుండే చక్రం బిగుసుకుపోయింది. కంపెనీ సర్వీసు సెంటరు నగరంలో ఉంది. పంపిస్తే ఎన్ని వారాలు పడుతుందో తెలియదు, మ్యాచిలేమో నెత్తిమీదున్నాయి. "ఇంట్లో నన్ను పెట్టుకుని కంపెనీకి పంపుతావా? రేపు నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు రిపేరు బావ. మర్నాటికల్లా చక్రం వెన్నలా తిరుగుతోంది. "కొత్తదానిలా ఉంది, చూసుకో" అని చేతిలో పెట్టాడు. ఆవిడ మురిసిపోయింది. మొగుడి చేతివాటం గురించి మైదానంలో అందరికీ చాటింపు వేసింది.

అప్పట్నుంచీ అతనికి ఆ కెమెరా మీద ప్రేమ ఎక్కువైంది. మబ్బు పట్టిందంటే ఆవిడ సంచిలో మడత పెట్టిన పాలిథిన్ కవరు ప్రత్యక్షమయ్యేది. "ఇదెందుకు బావా, నీకింకా నమ్మకం కుదరలేదా?" అని ఆవిడ తీసి పక్కన పడేస్తే, మళ్ళీ దోపేవాడు. వానలో తడిసి ముద్దయి ఇంటికొస్తే, పెళ్ళానికి తువ్వాలు ఇవ్వకముందే కెమెరా అందుకునేవాడు. తుడిచి, మూతలు తీసి, బల్ల దీపం కింద పెట్టి, పొడి గాలి తగిలేలా అటూ ఇటూ తిప్పుతూ కూర్చునేవాడు. కొట్టులో ఆవిడ నీళ్ళ గ్లాసు అందుకోబోతే, "చాల్లే, నేలంతా తడుస్తోంది" అని లాక్కునేవాడు. "నాకంటే దానిమీదే నీకు ప్రేమ" అని ఆవిడ ఎగతాళి చేసేది. లోపల మాత్రం, నా వస్తువని ఎంత కడుపులో పెట్టుకుని చూస్తున్నాడో అని పొంగిపోయేది. పిచ్చిది.

ఇలా ఆరేళ్ళు గడిచాయి. వంతెన పూర్తయింది. లాంచీ ఆఖరి ప్రయాణానికి రోజు ఖాయమైంది.

సరంగుకి ఫోటోలంటే గిట్టదు. కూతురు ఫోటోగ్రాఫరై ఇన్నేళ్ళయినా, ఇంట్లో ఉన్న ఫోటోలన్నిట్లోనూ ఆయన వీపే. కెమెరా ఎత్తగానే ఏదో పని గుర్తొచ్చినట్టు అటు తిరిగేవాడు. అలాంటి మనిషి ఆ ముందురోజు కూతుర్ని పిలిచి, చాలాసేపు గొంతు సవరించుకుని, అడిగాడు.

"రేపు ఒక్కటి తీస్తావా నాది?"

ఆవిడ తెల్లబోయింది. "ఒక్కటేంటి నాన్నా, వంద తీస్తా."

"వంద వద్దు. ఒక్కటే. ఒడ్డుకి చేరాక లాంచీని కట్టే మోకు గుంజకి వేస్తారు చూడు, అది కుర్రాళ్ళ పని, నేనెప్పుడూ వేయను. రేపు మాత్రం నేనే వేస్తానని చెప్పాను. అప్పుడు తీయి. అటు తిరగనులే" అన్నాడు. అని, సిగ్గుపడ్డాడు.

ఆ రాత్రి ఆవిడ కెమెరాని పసిపిల్లకి స్నానం చేయించినట్టు తుడిచింది. లెన్సు వెనక ఉండే రబ్బరు చుట్టు మీద వేలు పెట్టి ఎక్కడా పగుళ్ళు లేవని చూసింది. బ్యాటరీ మూత అంచున పట్టీ చూసింది. బయటికి కనపడే రబ్బరంతా చక్కగానే ఉంది. బ్యాటరీలు రెండు నింపింది. తండ్రి తన జీవితంలో అడిగింది ఇదొక్కటే, దీన్ని ఎలాగైనా తీసి ఆయన చేతిలో పెట్టాలి. ఇంకో ఆలోచన లేదు ఆమెకి.

పొద్దున్నే ముసురు పట్టింది. రిపేరు బావ గుమ్మం దాకా వచ్చి కవరు అందించాడు. "ఇవాళన్నా తొడుగు" అన్నాడు. ఎందుకో గొంతు కాస్త పెద్దదైంది. "సరేలే" అని తీసుకుంది గానీ, రేవులో తండ్రి మార్చుకోవడానికి తెచ్చుకున్న పొడి చొక్కా తడిసిపోతుంటే దాన్ని ఆ కవరులో చుట్టి ఆయనకే ఇచ్చేసింది. వానకి వెరవని కెమెరా ఉండగా కవరు తనకెందుకు?

లాంచీ కదిలేసరికి జల్లు గట్టిపడింది. జనమంతా లోపలి గదిలో కిక్కిరిసి ఉన్నారు. ఆవిడ ముందు భాగంలో, పైకప్పు లేనిచోట నిలబడింది. చుక్కాని పట్టుకున్న తండ్రి చేతులు, అద్దం మీద జారే నీళ్ళ వెనక ఆయన మొహం, దూరంగా తన వంతెన. తీసుకుంటూ పోయింది. నది సగం దాటాక కెమెరాలో చూపు మసకబారింది. లెన్సు తుడిచింది. మసక పోలేదు. అది లెన్సు మీద కాదు, లోపల ఉంది. పైనున్న చిన్న తెర మిణుకుమిణుకుమంది. ఆవిడ నొక్కకుండానే కెమెరా టకటకమని రెండుసార్లు దానంతటదే కొట్టుకుని చల్లబడిపోయింది.

బ్యాటరీ తీసి పెట్టింది. రెండోది పెట్టింది. మీట వేసింది, తీసింది. లాంచీ కూత వేసింది. ఒడ్డు దగ్గరపడుతోంది. చొక్కా అంచుతో తుడిచింది, నోటితో ఊదింది. "ఒక్కటి, ఒక్కటి చాలు, తర్వాత చచ్చిపో" అని దాన్ని బతిమాలింది. వానలో పని చెడదన్న నమ్మకం ఎంత బలంగా ఉందంటే, ఇదేదో చిన్న తిక్క, ఇప్పుడే సర్దుకుంటుందనే అనుకుంది. జేబులో ఫోన్ ఉందన్న సంగతి ఆలస్యంగా గుర్తొచ్చింది. తీస్తే, తడి వేళ్ళకి దాని తెర పలకలేదు. మళ్ళీ కెమెరా మీదే పడింది. పడవ ఒడ్డుకి తగిలి ఊగడం కాళ్ళకి తెలిసింది. తలెత్తేసరికి మోకు గుంజకి బిగించి ఉంది, సరంగు బల్ల మీదుగా ఒడ్డుకి దిగిపోయి టికెట్లాయన భుజమ్మీద చెయ్యేసి నడుస్తున్నాడు.

సాయంత్రం తండ్రికి సంగతి చెప్పింది. ఆయన పల్లెత్తు మాట అనలేదు. "పోనీలేమ్మా. వాన కదా" అన్నాడు.

రిపేరు బావ కెమెరా చేతిలోకి తీసుకుని, కదిపి, చెవి దగ్గర పెట్టుకుని, బల్ల మీద పెట్టాడు. "చెప్పానా లేదా? సీలింగ్ అనేది అమ్ముకోడానికి చెప్పే మాట. అంత వానకి ఏది తట్టుకుంటుంది?" అన్నాడు. అతను మాట్లాడుతున్నది బల్ల దీపంతో. ఆవిడ ఆ సంగతి అప్పుడు పట్టించుకోలేదు. కంపెనీ తనని నిలువునా ముంచిందని ఆవిడ ఏడుపు. ఇన్నేళ్ళు ఎంతమందికి చెప్పింది, గ్లాసుడు నీళ్ళు చల్లి మరీ చూపించింది! "వదిలిపెట్టను. నగరం వెళ్ళి వాళ్ళ బల్ల మీద పెట్టి అడుగుతా" అంది.

"ఎందుకు, ప్రయాణం దండగ. పాతదైపోయింది. కొత్తది నేనే కొనిస్తా" అన్నాడతను. రిపేరు చేస్తే బతుకుతుందన్న వస్తువుని పారేయమని ఎన్నడూ అనని మనిషి ఆ మాట అనేసరికి ఆవిడకి కళ్ళు చెమర్చాయి. ఎంత మంచివాడు, నా బాధ చూడలేక అంటున్నాడు అనుకుంది. అయినా మర్నాడు బస్సెక్కింది.

సర్వీసు సెంటరు చల్లగా, తెల్లగా, ఆసుపత్రిలా ఉంది. కళ్ళజోడు పెట్టుకున్న ఒక మెకానిక్ అమ్మాయి ఈవిడ తిట్లన్నీ ఓపిగ్గా విని, కెమెరా అందుకుని, ఆవిడ ఎదురుగానే పై పలక విప్పింది. భూతద్దం కింద పెట్టి చూసింది.

"దీన్ని ఇంతకుముందు ఎవరన్నా విప్పారా అండీ?"

"బయటివాళ్ళెవరూ విప్పలేదు. మా ఇల్లు దాటి పోలేదది" అంది వానక్క రోషంగా.

"ఓసారి ఇటొచ్చి చూడండి" అని ఆ అమ్మాయి అద్దం ఇటు తిప్పింది. "అంచు పొడుగునా ఈ గాడి కనపడుతోందిగా? ఇందులో రబ్బరు పట్టీ ఉండాలి. బొత్తాల కింద కూడా ఉండాలి. ఎక్కడా లేవు. ఇదిగో, లోపల చిలుము పట్టి ఉంది, ఇది నిన్నటిది కాదు. చాలా ఏళ్ళనుంచి కొద్దికొద్దిగా తేమ తగులుతోంది. ఇలా ఇన్నేళ్ళు బతకడమే వింత. ఎవరో తడిసినప్పుడల్లా ఆరబెడుతూ వచ్చి ఉండాలి."

వానక్క వంగి చూసింది. గాడి ఖాళీగా ఉంది. మామూలుగా ఖాళీగా లేదు. పాత జిగురు ఒక్క మరక కూడా మిగలకుండా, గీత పడకుండా, ఓపిగ్గా గోకి తీసేసి ఉంది. అంత శుభ్రంగా గోకే చేయి ఆవిడకి తెలుసు. ఆ చేతికే తాను ఆరేళ్ళ కిందట, చక్రం బిగుసుకుందని, ఈ కెమెరా ఇచ్చింది.

"కంపెనీ తప్పు కాదండీ" అంది ఆ అమ్మాయి నెమ్మదిగా.

"తెలుసమ్మా" అంది వానక్క. విప్పిన ముక్కలన్నీ ఒక సంచిలో వేయించుకుని బయటికొచ్చింది.

తిరుగు బస్సులో ఆవిడకి కోపం వెంటనే రాలేదు. ముందు సిగ్గేసింది. తర్వాత ఒక్కొక్కటీ గుర్తు రావడం మొదలైంది. కవరు. తువ్వాలుకి ముందు కెమెరా. దీపం కింద అటూ ఇటూ తిప్పడం. గ్లాసు లాక్కోవడం. కొత్తది కొనిస్తాననడం. వాటినన్నిటినీ ఇన్నేళ్ళూ ప్రేమ కింద జమకట్టుకుంది. అతనికి ప్రేమ లేదని కాదు. ఉండే ఉంటుంది. కానీ ఆ చేతులు చేసినదంతా దాపరికానికి కాపలా. అన్నిటికంటే ఎక్కడ తగిలిందంటే, కొట్టులో పదిమంది ముందు "ఇదిగో నా కెమెరా చూడండి, సీలింగ్ ఉంటే ఇలా ఉంటుంది" అని తాను ఎగిరెగిరి చెబుతుంటే, లోపల పట్టీ ముక్క లేదని తెలిసి కూడా బల్ల వెనక కూర్చుని అతను చిన్నగా నవ్వాడు. తాను అతని కొట్టులో తమాషా బొమ్మ అయింది. మరీ ఎక్కువ మాట అంటున్నానేమో గానీ, దొంగతనం చేసినవాణ్ణి క్షమించవచ్చు, ఆ పక్కన కూర్చుని నవ్వినవాణ్ణి ఎలా క్షమించాలి?

ఇంటికొచ్చేసరికి సరంగు వచ్చి కూర్చుని ఉన్నాడు. లాంచీ లేని మొదటి రోజు ఆయనకి పొద్దు గడవక అల్లుడి దగ్గరికి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే లోపలి మాటలు వినిపించాయి.

"ఇంతకీ కెమెరాకి ఏమైందంటావు అల్లుడూ? ఇన్ని వానలు చూసింది కదా."

"ఏముంది మావయ్యా. నిన్నటి వాన అలాంటిది. ఏ కెమెరా అయినా అంతే. ఎవరిదీ తప్పు కాదు."

ఎంత నునుపుగా చెప్పాడంటే, సంచిలో ఆ ముక్కలు లేకపోతే ఆవిడ కూడా నమ్మేసేది.

ఆవిడ లోపలికొచ్చి సంచి బల్ల మీద బోర్లించింది. పై పలక గలగలమని దొర్లి రిపేరు బావ ముందు ఆగింది. అతను దాన్ని చూశాడు. చూసి, అలవాటుగా, కింద పడిపోతున్న స్క్రూ ఒకదాన్ని వేలితో ఆపాడు.

"పట్టీలేవి బావా?"

అతను ఆ స్క్రూని బల్ల మధ్యకి జరిపాడు.

"నాన్న అడుగుతున్నాడుగా. చెప్పు. వానదా తప్పు?"

"విప్పేటప్పుడు తెగిపోయాయి" అన్నాడు చివరికి. "జిగురుతో అంటించి ఉన్నాయి, లాగితే పీలికలు పీలికలుగా వచ్చాయి. కంపెనీవాళ్ళు బయటివాళ్ళకి ఆ పట్టీలు అమ్మరు. సైకిలు ట్యూబు కోసి పెట్టి చూశా, మందమెక్కువై పలక మూతపడలేదు. మర్నాడు నీకు మ్యాచుంది. మూసేశా."

"మూసేసి కొత్తదానిలా ఉందన్నావు."

"చెబుదామనే అనుకున్నా. నమ్ము. ఆ మర్నాడే చెబుదామనుకున్నా. ఆ మర్నాడే వాన పడింది. నువ్వు తడిసొచ్చావు, దానికేం కాలేదు. ఏం కాలేదుగా, ఇప్పుడు చెప్పి నిన్ను భయపెట్టడం ఎందుకనుకున్నా. తర్వాత చెప్పడం ఇంకా కష్టమైంది." పై పలకని బోర్లా తిప్పి పెట్టాడు అతను. "ఆరేళ్ళు నిలబడిందిగా అది వానలో."

"నిలబడింది అది కాదు. నేను. అందులో ఏముందో తెలియకుండా నేను నిలబడ్డాను."

"ప్రతిసారీ కవరు ఇచ్చాను."

"కవరిచ్చావు. ఎందుకో చెప్పలేదు. చెప్పుంటే తొడుక్కునేదాన్ని కాదా? నా చేత్తో నేను తొడుక్కునేదాన్ని. నావల్ల కాలేదే, పాడు చేశానే అని ఒక్క మాట అంటే నేను నిన్ను కొరుక్కు తినేదాన్నా? ఓ పూట అరిచేదాన్ని. ఓ పూట! ఆ పూట అరుపు తప్పించుకోడానికి ఆరేళ్ళు నన్ను వెర్రిదాన్ని చేశావు."

అతను తల దించుకుని స్క్రూలు ఏరుతూ, చిన్నవీ పెద్దవీ వేరుచేసి పెడుతున్నాడు. చేతులు వాటంతటవే పని చేసుకుపోతున్నాయి. ఆవిడకి అది చూస్తే ఒళ్ళు మండింది.

"వాటిని ముట్టుకోకు" అంది. అతను చేతులు తీసేశాడు.

సరంగు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఆయనకి గొడవలంటే భయం, కూతురి గొడవంటే ఇంకా భయం. అయినా ఊరుకోలేకపోయాడు. "అల్లుడూ, నేను నడిపిన లాంచీ చాలాసార్లు కారింది. అడుగున నీళ్ళొస్తున్నాయని కుర్రాళ్ళు చెప్పేవాళ్ళు. చెబితే, తోడుకుంటూ మెల్లిగా ఒడ్డు పట్టుకునేవాణ్ణి. ఏ ఒక్కడన్నా నాకు చెప్పకుండా దాచి ఉంటే, ఇవాళ నేనిక్కడ కూర్చునేవాణ్ణా?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగా సమాధానం కోసం అడిగినట్టే అడిగాడు.

సరంగు లేచాడు. వానక్క కూడా బయటికి వచ్చింది. ఇంట్లో ఉండబుద్ధి కాలేదు ఆమెకి. అరుగు మీద కూర్చుని ఆయన బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, కూతురి మొహంలోకి చూడకుండా అన్నాడు.

"మరీ అంత మనసుకి పట్టించుకోకమ్మా. కావాలని చేశాడా ఏంటి. ఫోటోదేముంది, గోడకి తగిలించుకుంటామనే గానీ. నేను మోకు వేయడం నువ్వు కళ్ళారా చూశావుగా. నాకదే పదివేలు."

అవుననేస్తే సరిపోయేది. ముసలాయన సంతోషంగా ఇంటికెళ్ళేవాడు. కానీ ఆ ఇంట్లో అప్పటికే ఒకరు అలాంటి మంచి మాట చెప్పి ఆరేళ్ళు నెట్టుకొచ్చారు.

"చూడలేదు నాన్నా" అంది. "తలొంచుకుని దాన్ని నొక్కుతూనే ఉన్నా. అది పాడవదని నాకంత నమ్మకం. తలెత్తేసరికి నువ్వు దిగిపోయావు."

ఆయన చేతుల్లో తాడు ఆగింది. కట్టిన ముడి మళ్ళీ విప్పి, మళ్ళీ కట్టాడు.

"నేను వెంటనే దిగలేదమ్మా" అన్నాడు. "మోకు వేశాక, టోపీ తీసి, నీవైపు తిరిగి నిలబడ్డాను. నువ్వు తల వంచుకుని ఉంటే, ఫోటో తీస్తున్నావనుకున్నాను. అందుకే కదలకుండా చాలాసేపు నిలబడ్డాను."